ఫ్యాను కన్నా ముందు జాలీ

ఇంటింటి యంత్రం – నెలనెలా శీర్షిక

మార్చి నెల దాటిందంటే అశోక్ చౌక్‌లో నా దుకాణానికి వచ్చే కంప్యూటర్లన్నిటిదీ ఒకటే రోగం. "అన్నా, పొద్దున మంచిగనే నడుస్తది, మధ్యాహ్నం రెండు కొట్టంగ దానంతట అదే బందయితది. పొద్దుగూకినంక మళ్ల చాలూ అయితది" అంటరు. సోలాపూర్ ఎండ 42, 43 డిగ్రీలు చూపిస్తుంటే రేకుల ఇండ్లల్ల మనుషులకే నిలువ నీడ దొరకదు, యంత్రం బాధ ఎవరికి పడుతుంది అనుకుంటాం. కానీ ఈ డబ్బాల మీద ఇప్పుడు మన వాడల్లో చాలా ఇండ్ల పని ఆధారపడి ఉంది. పిల్లల పరీక్ష ఫారాలు, కార్ఖానా లెక్కలు, టవల్ డిజైన్లు, చద్దర్ డిజైన్లు అన్నీ దాంట్లోనే.

పోయిన రెండు నెలలుగా చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది: "సీపీయూ డబ్బాకు ఇంకో ఫ్యాను పెడితే సరిపోతదా?"

సరిపోతది. కాకపోతే సాంచాలు నడిచే ఇంట్లో ఉత్త ఫ్యాను పెడితే నాలుగు దినాలు సుఖం, ఆ తర్వాత మొదటికన్నా ఎక్కువ బాధ. మన ఇండ్లల్ల వేడికి తోడు ఇంకో శత్రువు ఉంది. అది దూది నూగు. పుణె ఆఫీసులో కూర్చున్న కంప్యూటరుకు పనికొచ్చే మందు, అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీ పక్కన సాంచా షెడ్డును ఆనుకున్న గదిలో ఉన్న కంప్యూటరుకు పనికి రాదు. ఈ నెల ఆ ముచ్చటే చెప్తాను.

ఒక ఇంటి కథ

వింకర్ వసాహత్ నుంచి ఒక తల్లీ కొడుకూ రిక్షాలో కంప్యూటరు పెట్టుకొని వచ్చారు. పిల్లగానికి పందొమ్మిదేండ్లు. రెండు మూడు కార్ఖానాలకు జకార్డు డిజైన్లు గీసి ఇస్తాడు. గీత గీతకు, గడి గడికి రంగు నింపుకుంటూ పోవాలి. మూడు గంటలు కూర్చొని ఒక నెమలి గీస్తే, నెమలి తోక దగ్గరికి వచ్చేసరికి తెర నల్లబడుతుంది. సేవ్ చేసిన దాకా మిగులుతుంది, మిగతాది పోతుంది. అప్పటికి రెండుసార్లు చెప్పిన వేళకు డిజైన్ ఇవ్వలేకపోయాడు. ఇంకోసారి అట్లనే అయితే పని వేరేవాళ్లకు ఇస్తానని సేటు చెప్పాడట.

వేరే చోట చూపిస్తే "మదర్‌బోర్డు పోయింది, కొత్త కంప్యూటరు కొనుండ్రి" అన్నారట. తల్లి బీడీలు చుడుతుంది. ఆమె నన్ను అడిగిన మాట: "కొత్తదంటే ఎన్ని వేల బీడీలు చుట్టాలె అన్నా?" ఆమెకు లెక్క రూపాయల్లో కాదు, కట్టల్లో.

డబ్బా పక్క మూత ఇప్పిన. లోపల ప్రాసెసర్ మీద ఒక అల్యూమినియం దిమ్మె ఉంటుంది, పల్చటి రేకులు రేకులుగా. దాన్ని హీట్‌సింక్ అంటారు. దాని మీద చిన్న ఫ్యాను. ఆ ఫ్యానుకీ రేకులకీ మధ్య నూగు ఎట్ల పేరుకుందంటే, వేలితో పట్టుకొని లాగితే గుడ్డ ముక్కలాగ ఒక్క పొర ఊడి వచ్చింది. కింద ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలి మాత్రం రేకుల దాకా పోవడం లేదు. మే నెలలో మనిషికి సోలాపూరీ చద్దర్ కప్పి పడుకోబెట్టినట్టు ఉంది దాని సంగతి.

మదర్‌బోర్డు బాగానే ఉంది. దానికి ఊపిరి ఆడట్లేదు, అంతే.

వేడి ఎక్కడిది?

కంప్యూటరు తినే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. ఇంట్లో వాడే మామూలు డబ్బా గట్టిగా పని చేసేటప్పుడు సుమారు 100 వాట్ల కరెంటు తింటుంది. అంటే పాతకాలం 100 వాట్ల బల్బు ఒకటి రేకు డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు. ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి తోలకపోతే లోపల పెరుగుతూ పోతుంది. ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటి 100 దగ్గరికి చేరితే ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. అట్ల ఆగిపోవడం చావు కాదు, మూర్ఛ. అందుకే చల్లబడ్డంక మళ్ల చాలూ అవుతుంది.

కంప్యూటరుకు గాలి కావాలనే గోల కొత్తది కాదు. 1946లో అమెరికాలో జనానికి చూపించిన ఎనియాక్ అనే కంప్యూటరులో 17 వేలకు పైగా గాజు ట్యూబులు ఉండేవి. అది 150 కిలోవాట్ల దాకా కరెంటు తినేది. ఆ వేడి తీయడానికి పెద్ద పెద్ద బ్లోయర్లు పెట్టారు. ఇప్పుడు అదే పని మన బల్ల మీద అరచేయంత ఫ్యాను చేస్తోంది.

ఒక సంగతి యాదిపెట్టుకోండి. ఫ్యాను చల్లదనాన్ని తయారు చేయదు. లోపలి వేడిగాలిని తీసేసి గదిలో గాలిని దాని చోటికి తెస్తుంది, అంతే. గదిలో 42 ఉంటే డబ్బా లోపల 42 కన్నా ఎన్నటికీ తగ్గదు. కాబట్టి ఫ్యాను పెట్టక ముందు కంప్యూటరును గోడ మూలలోంచి, రేకు కిందినుంచి, పొయ్యి పక్కనుంచి జరపండి. వెనక గోడకు జానెడు ఎడం ఉండాలి. ఇది పైసా ఖర్చు లేని మందు.

నిజంగా వేడి వల్లనే ఆగుతున్నదా అని తెలుసుకోవడం కూడా సులువే. కంప్యూటరు చాలూ చేయంగనే డెల్ గానీ ఎఫ్2 గానీ బటన్ నొక్కుతూ ఉంటే బయాస్ తెర వస్తుంది. అందులో హార్డ్‌వేర్ మానిటర్ లేదా పీసీ హెల్త్ అనే పేజీలో ప్రాసెసర్ వేడి అంకెల్లో కనిపిస్తుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసి కాగితం మీద రాసుకోండి. ఆ పిల్లగాని డబ్బాలో మధ్యాహ్నం 84 చూపించింది. ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నప్పుడే 84 ఉంటే, డిజైన్ గీసేటప్పుడు ఎక్కడికి పోతుందో మీరే అనుకోండి.

మూత తీసి టేబుల్ ఫ్యాను పెడితే?

మన వాడల్లో అందరూ చేసే ఉపాయం ఇదే. పక్క మూత తీసేసి, ముందు టేబుల్ ఫ్యాను పెడతారు. నూగు లేని ఇంట్లో అయితే నడుస్తుంది. సాంచా ఇంట్లో మాత్రం గదిలో ఎగిరే నూగునంతా చేతితో తీసుకుపోయి హీట్‌సింక్‌లో కూరినట్టు అవుతుంది. రెండు నెలల్లో పేరుకునేది పది దినాల్లో పేరుకుంటుంది. కూలర్ ముందు పెట్టడం ఇంకా చెడ్డది. తడి గాలికి నూగు ముద్ద కడుతుంది. నీటి తుంపర బోర్డు మీద పడితే మాత్రం నిజంగానే మదర్‌బోర్డు పోతుంది.

డబ్బా వెనక గాలిని బయటికి లాగే ఫ్యాను ఒక్కటే పెట్టినా ఇదే కథ. ఎట్లంటారా? లోపలి గాలిని మనం బయటికి గుంజితే, ఆ ఖాళీ నింపడానికి బయటి గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి వస్తుంది. సీడీ పెట్టే సందు, పెన్‌డ్రైవ్ పెట్టే సందు, మూత అంచులు, స్క్రూ లేని బొక్కలు. ఒక్కో సందునుంచి నూగు తోడు తెచ్చుకుంటుంది. అన్ని సందులకూ జాలీ కట్టలేం కదా.

అందుకే సాంచా ఇంటి లెక్క తిరగేసి చూడాలి. గాలిని ఒక్క దారినుంచే లోపలికి తోయాలి, ఆ దారికి జాలీ కట్టాలి. లోపలికి తోసే గాలి, బయటికి పోయే గాలికన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. అప్పుడు డబ్బా ఊదిన బెలూన్‌లాగ ఉంటుంది. ప్రతి సందునుంచీ గాలి బయటికే పోతుంది, నూగు లోపలికి రాలేదు. కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో బయటికి ఊదే ఫ్యాను ఎట్లాగూ ఉంటుంది. దానికి తోడు జాలీతో లోపలికి ఊదే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒక్కటి చాలు.

మొదట శుభ్రం

ప్లగ్గు పీకండి. బటన్ ఆపడం కాదు, తీగ గోడనుంచి పీకాలి. డబ్బాను వాకిట్లోకి తీసుకుపోండి. ముక్కుకు మాస్కు కట్టుకోండి. మెత్తటి బ్రష్షుతో పేరుకున్న పొరను ముందు ఊడదీసి, తర్వాత బ్లోయర్ పట్టండి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలికి మితిమీరి తిరిగి బేరింగ్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇప్పవద్దు. ప్లగ్గు పీకినా దాని లోపల కొంతసేపు గట్టి షాకు దాగి ఉంటుంది. బయటినుంచి గాలి కొడితే చాలు.

ఆ పిల్లగాని డబ్బాకు శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాస్తేనే 84 నుంచి 68కి దిగింది. సగానికి ఎక్కువ రోగం అక్కడే పోయింది. ఫ్యాను, జాలీ దేనికంటే ఆ 68 మళ్ల 84 కాకుండా ఉండటానికి.

మూతకు కన్నం కొట్టడం

కొన్ని డబ్బాలకు ముందు వైపు కింద ఫ్యాను బిగించే చోటు కంపెనీవాళ్లే వదిలి ఉంటారు. ముందు అది చూడండి. ఉంటే కోసే పనే లేదు. పాత డబ్బాలకు తరచుగా ఉండదు. అప్పుడు పక్క మూత కోయడం మేలు. ఎందుకంటే మూతను విప్పి పూర్తిగా దూరం తీసుకుపోయి కోయవచ్చు. ఇనుప రజను ఒక్క నలుసు మదర్‌బోర్డు మీద పడ్డా షార్ట్ అవుతుంది. డబ్బాకు బిగించి ఉన్న రేకును అక్కడే కోసే ధైర్యం చేయకండి.

చోటు ఎంచుకునేది ఇట్లా. ఫ్యాను మందం 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం. నూలు కోన్ల డబ్బా అట్ట ముక్కలను అంత మందం వచ్చేదాకా ఒకదాని మీద ఒకటి అంటించి, మూత లోపలి వైపు అనుకున్న చోట టేపుతో పెట్టండి. మూత సరిగ్గా పడితే అక్కడ ఫ్యాను పడుతుంది. ఆనుకుంటే చోటు మార్చండి. మూత మధ్యకు కొంచెం కిందుగా అయితే ప్రాసెసర్‌కు, కార్డులకు రెంటికీ గాలి తగులుతుంది.

కొలతలు ఇవి. 120 మిల్లీమీటర్ల ఫ్యానుకు స్క్రూ బొక్కల నడుమ దూరం 105, గుండ్రటి కన్నం సుమారు 115. చిన్నది, 80 మిల్లీమీటర్లది అయితే స్క్రూ బొక్కల దూరం 71.5, కన్నం 76. ఫ్యానునే అట్ట మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకుంటే లెక్క తప్పదు. చోటు ఉంటే పెద్దదే పెట్టండి. పెద్ద ఫ్యాను మెల్లగా తిరిగి అంతే గాలి ఇస్తుంది, చప్పుడు తక్కువ.

డ్రిల్లుకు హోల్ సా బిగించి కోస్తే ఐదు నిమిషాల పని. 80 ఫ్యానుకు మూడు అంగుళాలది, 120కి నాలుగున్నర అంగుళాలది సరిపోతుంది. అది దొరకకపోతే గీత లోపలి అంచున వరసగా చిన్న బొక్కలు కొట్టి, రేకు కత్తెరతో కలిపేసి, ఆకురాయితో నున్నగా రుద్దండి. మూత రేకు పల్చనిదే. మీ కార్ఖానాలో జాబర్‌ను అడిగితే చాయ్ తాగేలోపల చేసిస్తాడు. కోసిన అంచు కత్తిలా ఉంటుంది. సన్నటి రబ్బరు గొట్టాన్ని పొడుగునా చీరి అంచుకు తొడగండి.

స్క్రూ బిగించేటప్పుడు రేకుకూ ఫ్యానుకూ మధ్య సైకిల్ ట్యూబ్ ముక్కలు పెట్టండి. అవే ముక్కలు డబ్బా కాళ్ల కింద కూడా. పక్క గదిలో సాంచాలు కొడుతుంటే నేల అదురుతుంది. ఆ అదురు హార్డ్ డిస్కుకు మంచిది కాదు. డబ్బాను నేల మీద కాక బల్ల మీద పెట్టండి. కింద పడ్డ నూగు, బీడీ తంబాకు పొడి ఊడ్చినప్పుడల్లా లేచేది నేల దగ్గరే.

ఫ్యాను ఏ వైపు ఊదుతుందో చూడటానికి మన ఇండ్లల్ల కొలతబద్ద ఉండనే ఉంది. ఒక నూలు పోగు. చిటికెడు పోగు వేళ్ల మధ్య పట్టుకొని ఫ్యాను ముందు కొంచెం దూరంగా చూపండి. ఎటు వాలితే గాలి అటు. చీటీ అంటించిన వైపునుంచి గాలి బయటికి వస్తుంది. ఆ చీటీ వైపు డబ్బా లోపలికి ఉండాలి.

తీగల రంగులు చూసి మోసపోకండి

ఈ ఫ్యాన్లు 12 వోల్టులవి. గోడ కరెంటు వీటికి ఎన్నడూ తగిలించకూడదు. మదర్‌బోర్డు మీద సిస్ ఫ్యాన్ అనో, చాసిస్ ఫ్యాన్ అనో రాసిన మూడు లేదా నాలుగు సూదుల చోటు ఉంటే అక్కడే పెట్టండి. గాడి చూసి పెడితే తిరగేసి పట్టదు.

అది లేకపోతే ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద నాలుగు తీగల ప్లగ్గునుంచి తీసుకోవాలి. ఇక్కడే చాలామంది పొరపడేది. ఎర్రకు ఎర్ర కలపాలనుకుంటారు. ఫ్యానులో ఎర్ర తీగ 12 వోల్టులది. ఎస్‌ఎంపీఎస్‌లో మాత్రం ఎర్ర తీగ 5 వోల్టులది, పసుపు తీగ 12. కాబట్టి ఫ్యాను ఎర్ర తీగ ఎస్‌ఎంపీఎస్ పసుపు తీగకు, నలుపు నలుపుకు. ఫ్యానుకు మూడో తీగ పసుపుది ఉంటే అది వేగం చెప్పేది, దాన్ని వదిలేయండి. ఎర్రకు ఎర్ర కలిపితే ఏదీ కాలిపోదు గానీ, 5 వోల్టులకు ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, కొన్ని అసలు కదలవు. జతచేసే తీగలు చేతితో మెలిపెట్టి వదలకుండా, అమ్మే కన్వర్టర్ తీగ తెచ్చుకుంటే ఇంకా మంచిది.

తీగలన్నీ ఒక పక్కకు కట్టేయండి. బయటి వైపు ఇనుప గ్రిల్ తప్పక బిగించండి, చిన్నపిల్లలు వేలు పెడతారు.

జాలీ

ఇక అసలు సామాను. ఏ గుడ్డ పెట్టాలి? గుడ్డ సంగతి మనకు ఒకరు చెప్పాలా! మనం నేసే టవల్ గుడ్డ పెడితే గాలే పోదు. పల్చటి నూలు గుడ్డ పెడితే అది తానే నూగు రాలుస్తుంది, నూగుకు నూగు పట్టుకొని వారానికే మూసుకుపోతుంది. సన్నటి నైలాన్ జాలీ కావాలి. దోమతెర నైలాన్ అయితే రెండు మడతలు, పోగులు అడ్డదిడ్డంగా పడేటట్టు. నైలాన్ నున్నగా ఉంటుంది కాబట్టి దులిపితే నూగు రాలిపోతుంది, కడిగితే తెల్లారేలోగా ఆరుతుంది.

జాలీని గ్రిల్ మీద శాశ్వతంగా అంటించకండి. తీసి పెట్టేటట్టు ఉంటేనే కడుగుతాం. భంగార్ దుకాణంలో పాత ఫ్రిజ్ తలుపు రబ్బరు అడగండి. దాని లోపల పొడుగునా మెత్తటి అయస్కాంతం పట్టీ ఉంటుంది. దాన్ని నాలుగు ముక్కలు చేసి జాలీ నాలుగు అంచులకు కుట్టేస్తే, ఇనుప మూతకు టక్కున అతుక్కుంటుంది, పట్టి లాగితే వస్తుంది. ఆ పిల్లగాని తల్లి అక్కడే కూర్చొని పది నిమిషాల్లో కుట్టేసింది. నా దుకాణంలో ఇంత నీటుగా కుట్టిన జాలీ ఇంకోటి లేదు.

అంతా అయినంక, మళ్ల మధ్యాహ్నం రెండు గంటలకు బయాస్‌లో 61 చూపించింది. ఫ్యాను, గ్రిల్, పేస్ట్, తీగ కలిపి కొత్త కంప్యూటరు ధరలో ఒక మూలకు రాలేదు.

కంప్యూటరు డబ్బాకు చేయి పెట్టాలంటే మనవాళ్లు జంకుతారు. జంకవలసిన పని లేదు. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన చిల్లుల అట్టలతో పువ్వులు నేసే పద్ధతి పెట్టాడు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఆ అట్టలనే చూసి 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కలు చేసే యంత్రానికి నమూనా గీశాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను చిల్లుల కార్డులతోనే తీశారు. కంప్యూటరు నేతగాని ఇంట్లో పరాయిది కాదు, మగ్గానికి దూరపు చుట్టమే.

ఆ గుప్పెడు నూగు

కంప్యూటరు తీసుకుపోవడానికి మర్నాడు పిల్లగాని తండ్రి వచ్చాడు. ఆయన పన్నెండు గంటల పాళీ సాంచా నడుపుతాడు. లోపలినుంచి తీసిన నూగును చూపిద్దామని ఒక కాగితం మీద పెట్టి ఉంచిన. గుప్పెడు ఉంది. ఆయన దాన్ని వేళ్లతో నలిపి చూసి అడిగాడు.

"ఇది ఎన్ని దినాలది?"

"మీ పిల్లగాడు దీపావళికి శుభ్రం చేయించిండట. ఆరు నెలలది."

"నేను ఇరవై రెండేండ్ల సంది నడుపుతున్న" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. డబ్బా ఎత్తుకొని పోతుంటే మెట్ల దగ్గర ఆగి దగ్గాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కానీ ఈ శీర్షికలో ఆ సంగతి రాయకుండా ఫ్యాను సంగతి ఒక్కటే రాస్తే సగమే రాసినట్టు.

దూది దుమ్ము ఏండ్ల తరబడి పీలిస్తే వచ్చే ఊపిరి జబ్బుకు బిస్సినోసిస్ అని పేరు. దాని గుర్తు ఒకటి విచిత్రంగా ఉంటుంది. సుట్టీ అయిపోయి పనిలోకి వచ్చిన మొదటి దినం ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, ఆయాసం వస్తుంది. మర్నాటికి తగ్గినట్టు అనిపిస్తుంది. అందుకే మనవాళ్లు దాన్ని పట్టించుకోరు. ఏండ్లు గడిచిన కొద్దీ ఆ ఒక్క దినం అన్ని దినాలకూ పాకుతుంది. దూది ఏకే ఖాతాల్లో, నూలు వడికే ఖాతాల్లో ఇది ఎక్కువ. నేతలో తక్కువ, కానీ లేకుండా లేదు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం మూడో షెడ్యూల్‌లో దూది దుమ్ము వల్ల వచ్చే ఈ జబ్బు పేరు రాసి ఉండేది. అంటే ఇది పని ఇచ్చే జబ్బు అని సర్కారు కూడా ఒప్పుకున్నదే. దగ్గుతో పాటు ఆయాసం ఉంటే డాక్టరుకు "నేను సాంచా మీద పని చేస్తా, ఇన్నేండ్లయింది" అని ముందుగా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే మామూలు దగ్గు మందే రాసి పంపుతారు.

మన తాతలు జూనీ మిల్లులోనో, లక్ష్మీ విష్ణు మిల్లులోనో పని చేసినప్పుడు వాళ్లకూ కష్టాలు ఉండేవి. కానీ 1948 ఫ్యాక్టరీల చట్టంలో పెద్ద మిల్లుకు గాలి గురించి 13వ సెక్షన్, దుమ్ము గురించి 14వ సెక్షన్ అని లెక్క ఉండేది, అడగడానికి యూనియన్ ఉండేది. సాంచాలు నాలుగు నాలుగుగా ఇండ్లల్లకు, చిన్న చిన్న షెడ్లకు వచ్చాయి. ఆ లెక్క మాత్రం వాటి వెంట రాలేదు.

గది కూడా ఒక డబ్బానే

డబ్బాకు చెప్పిన సూత్రంలో సగం గదికీ పనికొస్తుంది. గాలికి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి ఉండాలి. తేడా ఒక్కటే. డబ్బాకు నూగు బయటినుంచి వస్తుంది, షెడ్డులో నూగు లోపలే పుడుతుంది. కాబట్టి షెడ్డుకు బయటికి లాగే ఫ్యానే కావాలి. ఒక గోడకు పైన ఎగ్జాస్ట్ ఫ్యాను, దాని ఎదురు గోడకు కింద కిటికీ. రెండూ ఒకే గోడకు పెడితే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, మనిషి దాకా రాదు. ఎగ్జాస్ట్ పక్కింటి వాకిట్లోకి ఊదకుండా చూసుకోండి, ఆ ఇంట్లోనూ పిల్లలుంటారు. పోగులు తెగుతాయని కిటికీలు మూస్తారు, నిజమే, పొడిగాలికి నూలు తెగుతుంది. నేల మీద నీళ్లు చల్లితే నూలుకూ మంచిది, నూగూ లేవదు.

సాంచాను కంప్రెసర్ గాలితో ఊది శుభ్రం చేస్తే యంత్రం మీది నూగు మనిషి ఊపిరిలోకి పోతుంది. బ్రష్షుతో తీయండి. కంప్రెసర్ తప్పకపోతే పాళీ మారే వేళ, మిగతావాళ్లు బయట ఉన్నప్పుడు పట్టండి. ఊడ్చే ముందు నేల తడపండి. ముక్కుకు కట్టే రుమాలు పెద్ద నూగును ఆపుతుంది, కంటికి కనపడని సన్న దుమ్మును ఆపదు. ఎన్95 మాస్కు ఆపుతుంది. ఉక్కపోతకు పన్నెండు గంటలూ కట్టుకోలేరని నాకు తెలుసు. కనీసం ఊదేటప్పుడు, ఊడ్చేటప్పుడు కట్టుకోండి. పిల్లల పక్కబట్టలు సాంచా గదిలో పరచకండి. బీడీలు చుట్టే అక్కలకూ ఇదే మాట, తంబాకు చెరిగేది వాకిట్లో, గాలి వాలున కూర్చొని.

ఇక డబ్బా సంగతి మళ్ల ఒకసారి. జాలీని ప్రతి ఆదివారం తీసి దులపండి, పదిహేను దినాలకోసారి కడగండి. కడిగింది పూర్తిగా ఆరినంకే పెట్టండి. మూడు నెలలకోసారి మూత తీసి బ్రష్షు పట్టండి. డిజైన్ గీసే పిల్లలు పావుగంటకోసారి సేవ్ చేయడం మరవకండి, కరెంటు పోయినా పని పోదు. జాలీ దులిపేటప్పుడు దాని మీద ఎంత నూగు పట్టిందో ఇంట్లో అందరూ చూసేటట్టు దులపండి. గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాలా వద్దా అని ఇంట్లో మాట వచ్చినప్పుడు, సేటుతో మాట్లాడవలసి వచ్చినప్పుడు, నా రాత కన్నా ఆ గుప్పెడు నూగే బాగా చెప్తుంది.

వచ్చే నెల: ఇన్వర్టర్ బ్యాటరీలో ఏ నీళ్లు పోయాలి, ఎప్పుడు పోయాలి.